ఈ పనికి కావాల్సింది జాలిగుండె కాదు

ఆడపిల్ల పరిశోధన చేస్తానంటే మన ఇళ్లలో వినిపించే అభ్యంతరాలు కొత్తవేమీ కావు. వికలాంగులకు కావాల్సిన పరికరాల మీద పని చేసే పునరావాస ఇంజినీరింగ్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ అభ్యంతరం మెచ్చుకోలుగా మారిపోతుంది. 'ఆడవాళ్లకు పుట్టుకతోనే ఓర్పు, జాలి ఎక్కువ. కాలూ చెయ్యీ లేనివాళ్లకు సాయపడే రంగం కదా, వాళ్లకే బాగా నప్పుతుంది' అంటారు. మహిళా దినోత్సవం సభల్లో ఈ మాటకు చప్పట్లు పడతాయి. అన్నవాళ్లకూ చెడు ఉద్దేశం ఉండదు. అయినా దీన్ని ఒప్పుకుని ఊరుకోకూడదు. తలుపు తెరిచినట్టే కనిపించే ఈ అభిప్రాయం ఆడవాళ్లను రోగి మంచం పక్కన నిలబెడుతుంది. పరికరం ఎలా ఉండాలో తేల్చే బల్ల దగ్గర కుర్చీ మాత్రం వేయదు. దానివల్ల నష్టపోయేది ఆ ఇంజినీర్లు ఒక్కరే అయితే అది ఉద్యోగాల తగువు అయ్యేది. ఆ పరికరాన్ని ఒంటికి తగిలించుకుని రోజంతా బతకాల్సినవాళ్లు అంతకంటే ఎక్కువ నష్టపోతున్నారు.

ముందు ఆ రంగం ఏమిటో మన నేల మీదే చూద్దాం. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కొత్తవలస మండలం కంటకాపల్లి దగ్గర పలాస పాసింజరును వెనకనుంచి వచ్చిన రాయగడ పాసింజరు ఢీకొంది. 14 మంది చనిపోయారు, 50 మంది దాకా గాయపడ్డారు. ఎక్స్‌గ్రేషియా మొత్తాలు వెంటనే ప్రకటించారు, అవి పత్రికల్లోనూ వచ్చాయి. ఇలాంటి ప్రమాదం తరవాత అసలు ప్రశ్నలు నెలలు గడిచాక మొదలవుతాయి. అతుక్కున్న ఎముకతో మోకాలు ఎంత వంగుతుంది, పట్టు తప్పిన చేత్తో పనిముట్టు పట్టుకోవడం ఎలా, రైలు మెట్టు మళ్లీ ఎక్కడం ఎలా అన్నవి పరిహారం తీర్చే ప్రశ్నలు కావు. జూట్ మిల్లులు, రైలు పట్టాలు, రాళ్ల క్వారీలు ఉన్న జిల్లాలో ఇవి ఒక్క ప్రమాదంతో పోయే ప్రశ్నలూ కావు. ఇలాంటి మనిషికి మన వ్యవస్థ ఇప్పుడు ఇచ్చేది సదరం క్యాంపులో వైకల్య శాతం, ఆ శాతాన్ని బట్టి పింఛను. 2024లో అది నెలకు 6,000 రూపాయలైంది, అవసరమైన డబ్బే. కానీ శాతం లెక్కగట్టిన ఆ కాలితోనే మనిషి తిరిగి షిఫ్టుకు వెళ్లే దారి వేయడం వైద్యం ఒక్కదానివల్ల అయ్యేది కాదు. నడకలో ఏ కీలు మీద ఎంత బరువు పడుతుందో లెక్కగట్టాలి, లోహం ఎన్ని లక్షల అడుగులకు అరుగుతుందో పరీక్షించాలి, మొండికాలికి తొడిగే సాకెట్ ఎక్కడ ఒరుసుకుంటుందో కనిపెట్టాలి. ఇది మెకానికల్, ఎలక్ట్రానిక్స్, మెటీరియల్స్, వైద్యం కలిసిన చోట జరిగే కఠినమైన పరిశోధన.

ఎంత కఠినమో చెప్పడానికి ఒక మోకాలు చాలు. తొడ దగ్గర కాలు తీసేసినవాళ్లకు పెట్టే కృత్రిమ మోకాలు, తలుపు బందులా ఒకే ఇరుసు మీద వంగేదైతే, బరువు పడగానే మడతపడి మనిషి కూలిపోయే ప్రమాదం ఉంది. గట్టిగా బిగిస్తే కాలు వంగదు, పాదం నేలకు తగులుతుంది. నాలుగు కడ్డీలు కలిపి, వంగుతున్నకొద్దీ తిరిగే కేంద్రం తానే జరిగేలా చేస్తే రెండూ తప్పుతాయి. నిలబడినప్పుడు స్థిరంగా ఉంటుంది, అడుగు వేసేటప్పుడు పాదం నేలకు తగలకుండా లేస్తుంది. ఆ కడ్డీల పొడవుల్లో కొద్ది మిల్లీమీటర్ల తేడా వస్తే నడక మారిపోతుంది. మద్రాసు ఐఐటీలో మెకానికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ సుజాత శ్రీనివాసన్ బృందం ఇలాంటి మోకాలినే 'కదం' పేరుతో తయారుచేసి 2022లో బయటికి తెచ్చింది. డీఆర్‌డీవో ఆధ్వర్యంలోని బయోమెడికల్ టెక్నాలజీ సొసైటీ, బెంగళూరులోని మొబిలిటీ ఇండియా ఆ పనిలో చేయి కలిపాయి. ఆ మోకాలు 160 డిగ్రీల దాకా వంగుతుంది. బస్సు సీట్ల ఇరుకులో కాలు మడుచుకోవడానికి, తక్కువ ఎత్తులో కూర్చోవడానికి ఆ వంపు కావాలి. సుజాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి, అమెరికాలో కృత్రిమ అవయవాల పరిశ్రమలో పనిచేసి, 2008లో మద్రాసు ఐఐటీకి వచ్చారు. అక్కడ ఆమె నెలకొల్పిన కేంద్రం నుంచే 2019లో, కూర్చున్న మనిషి తన చేతి బలంతోనే లేచి నిలబడగలిగే 'అరైజ్' వీల్‌చైర్ వచ్చింది. దాని ధర అప్పట్లో 15,000 రూపాయల చుట్టూ ఉంది. విదేశాల నుంచి వచ్చే ఇలాంటి కుర్చీల ధరలో అది చిన్న భాగం. ఆ ధరకు దించడం కడ్డీలు, స్ప్రింగుల అమరికతో సాధించిన ఇంజినీరింగ్ విజయం. దాన్ని 'స్త్రీ సహజ కరుణ' ఖాతాలో వేస్తే ఆ పనికి అవమానం.

ఇదే రంగంలో మగవాళ్లు చేసిన పనిని మనం ఎలా చెప్పుకుంటామో చూడండి. అగ్ని క్షిపణి కోసం హైదరాబాద్‌లో తయారైన తేలికపాటి కార్బన్ మెటీరియల్‌ను నిమ్స్ ఆర్థోపెడిక్ డాక్టరు ఒకరు చేత్తో ఎత్తి చూసి ఆశ్చర్యపోయి, అబ్దుల్ కలాంను ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలున్నారు. కలాం బృందం ఆ బరువును 300 గ్రాములకు దించింది. తన జీవితంలో అమితమైన ఆనందం కలిగించిన పనుల్లో అదొకటని కలాం చాలాసార్లు చెప్పారు. ఆయనను మనం శాస్త్రవేత్తగా ముందు తలుచుకుని, దయను ఆయన శాస్త్రానికి వచ్చిన శోభగా చెప్పుకుంటాం. అదే పని ఒక స్త్రీ చేస్తే దయను ముందు పెట్టి, శాస్త్రాన్ని దాని వెనక సర్దేస్తాం. ఈ వరస తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ గ్రాంటు ఎవరికివ్వాలి, ల్యాబుకు ఎవరు అధిపతి కావాలి, పేటెంటు మీద ఎవరి పేరుండాలి అన్న నిర్ణయాలన్నీ దాని మీదే నడుస్తాయి. దయగలవాళ్లను రోగులతో మాట్లాడటానికి పంపుతారు, శాస్త్రవేత్తలను డిజైన్ చేయమంటారు.

ఇలా జరుగుతుందనడానికి చరిత్రే సాక్ష్యం. బెస్సీ బ్లౌంట్ అమెరికాలో నల్లజాతి ఫిజియోథెరపిస్టు. రెండో ప్రపంచ యుద్ధంలో చేతులు పోగొట్టుకుని వచ్చిన సైనికుల దగ్గర ఆమె పనిచేసింది. ఎవరో ముద్ద పెడితే తప్ప తినలేని స్థితి వాళ్లను ఎంత కుంగదీస్తోందో గమనించి, గొట్టాన్ని పంటితో కొరికితే ఒక్కో ముద్ద నోటికి అందే యంత్రాన్ని తయారుచేసింది. మెడకు తగిలించుకునే గిన్నె ఆధారానికి 1951లో పేటెంటు కూడా పొందింది. అమెరికా మాజీ సైనికుల సంస్థ ఆ యంత్రాన్ని వద్దంది. చివరికి ఆమె దాని హక్కులను ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఉచితంగా ఇచ్చేసింది. గాయపడినవాళ్లకు సాయపడే చేతులుగా ఆమె చేతులు ఆ ఆస్పత్రులకు కావాల్సివచ్చాయి. అవే చేతులు పరికరం కనిపెడితే తీసుకునేవాళ్లు లేకపోయారు. ఆమె విషయంలో జాతి వివక్ష కూడా కలిసే ఉంది, దాన్ని విడదీసి చెప్పలేం. కానీ సేవకురాలిగా స్వాగతించి సృష్టికర్తగా తోసిపుచ్చే పద్ధతి ఆమెతో ఆగిపోలేదు. ఆస్పత్రుల్లో ఫిజియోథెరపీ, నర్సింగ్ విభాగాల నిండా ఆడవాళ్లుంటారు. వాళ్లు రోజూ చూసే లోపాలు, ఏ బెల్టు ఎక్కడ కోస్తోంది, ఏ పిడి ఎందుకు జారుతోంది అన్నవి, తయారీ సంస్థ దాకా చేరే దారే ఉండదు. పరిశీలన ఒకరి దగ్గర, నిర్ణయం ఇంకొకరి దగ్గర ఉండిపోతున్నాయి. ఈ రెండూ ఒకే మనిషి దగ్గర ఉండాలన్నదే పరిశోధనలో ఆడవాళ్లు ఉండాలనడానికి మొదటి కారణం.

రెండో కారణం కొలతలు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు, వాళ్లలో 1.18 కోట్ల మంది స్త్రీలు. సగానికి దగ్గరగా ఉన్న ఆ శరీరాల కొలతలు పరికరాల్లోకి ఎంత ఆలస్యంగా వస్తున్నాయో చూడాలి. ఒక్కో వేలూ విడిగా కదిలే మోటారు చెయ్యి 2007లో బ్రిటన్‌లో మార్కెట్లోకి వచ్చింది. ఆడవాళ్ల చేతి పరిమాణానికి తగిన చిన్న మోటారు చేతులు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. తుంటి మార్పిడి చేయించుకున్న 35 వేల మందికి పైగా రోగులపై అమెరికాలో 2013లో వెలువడిన అధ్యయనంలో, పెట్టిన కీలు విఫలమయ్యే ప్రమాదం స్త్రీలలో 29 శాతం ఎక్కువని తేలింది. మన పల్లెల్లో ఈ తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే ఇక్కడ పనీ వేరే, కట్టూ వేరే. వరి ఊడ్పుల్లో బురదలో వంగి గంటలు నిలబడే స్త్రీకి పాదం ఎలాంటి రబ్బరుతో ఉండాలి? చీర కుచ్చిళ్లు మోకాలి కీలులో పడకుండా ఏం చేయాలి? పలాసలో కూర్చుని జీడిపప్పు ఒలిచే కార్మికురాలికి సాకెట్ అంచు ఎంత కిందికి కోయాలి? గర్భంతో బరువు పెరిగితే, కాలు వాచితే అదే సాకెట్ పడుతుందా? ఈ ప్రశ్నలు వేసుకోని పరిశోధనకు వాటి జవాబులు దొరకవు. నేల కూడా వేరే. కొత్తవలస జంక్షన్‌లో మొదలయ్యే కిరండూల్ లైను అనంతగిరి కొండలెక్కి శిమిలిగుడ దగ్గర సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరుతుంది. నున్నటి ఫుట్‌పాత్‌ను ఊహించి చేసిన వీల్‌చైర్ ఆ దారిలోని ఊళ్లలో ఇంటి గుమ్మం కూడా దాటదు. ఇంకో సంగతి, వీల్‌చైర్ మీద కూర్చునేది మగవాడైనా వెనక నుంచి తోసేది సాధారణంగా అతని భార్య, తల్లి, లేదా కూతురు. పిడి ఎత్తు ఆమె భుజానికి తగ్గట్టు లేకపోతే ఆ ఇంట్లో నడుము నొప్పి రెండో వైకల్యం అవుతుంది.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది, దాన్ని దాటవేయకూడదు. 'కొలత కొలతే. మంచి ఇంజినీరు మగవాడైనా టేపు పట్టుకుని ఆడవాళ్ల కాలు కొలవగలడు కదా, ఆడవాళ్లే కొలవాలనడం కూడా వివక్షే' అంటారు. సూత్రంగా ఇది నిజం. జైపూర్ పాదమే అందుకు ఉదాహరణ. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి చేసిన ఆ పాదం గొంతుకు కూర్చోవడాన్ని, బూటు లేకుండా నడవడాన్ని, పొలం పనిని లెక్కలోకి తీసుకుంది కాబట్టే లక్షల మందికి చేరింది. నాలుగో తరగతి దాటని పనివాడు అప్పటి పాశ్చాత్య పాదాల్లోని లోపాన్ని పట్టుకున్నాడంటే, తనవాళ్లు ఎలా బతుకుతారో అతనికి తెలుసు కాబట్టి. నా వాదన కూడా సరిగ్గా ఇదే. కొలవడం ఎవరైనా చేయగలరు. ఏది కొలవాలో తోచడం మాత్రం ఆ బతుకు తెలిసినవాళ్లు గదిలో ఉన్నప్పుడు ఎక్కువగా జరుగుతుంది. కలాంకు ఆ పిల్లల కాలిపర్లు కనిపించాయంటే ఒక డాక్టరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడం వల్ల. ఆ డాక్టరు ఆ రోజు ల్యాబుకు రాకపోతే? అంత ముఖ్యమైన సంగతిని యాదృచ్ఛికానికి వదిలేయడం పరిశోధన పద్ధతి కాదు. అలాగని ఆడవాళ్లు ఆడవాళ్ల పరికరాలకే పరిమితం కావాలనడమూ కాదు. సుజాత బృందం చేసిన మోకాలు అందరిదీ.

ఇక ఉద్యోగాలెక్కడ అన్న ప్రశ్నకూ బరువుంది. ఈ రంగం మన దగ్గర ఇంకా చిన్నదే. పరికరాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ పథకాల కింద పంచేవే కాబట్టి, తక్కువ ధరకే తప్ప మంచి పరికరానికి కొనుగోలుదారు దొరకడం కష్టం. సాఫ్ట్‌వేర్ జీతాలు మొదటి ఏడాదే ఇక్కడ వస్తాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. కానీ దిశ చూడాలి. సహాయక పరికరాలు అవసరమైనవాళ్లు ప్రపంచంలో 250 కోట్ల మంది ఉన్నారని, 2050 నాటికి 350 కోట్లవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2022లో లెక్కచెప్పాయి. పేద దేశాల్లో కొన్నిచోట్ల అవసరమైనవాళ్లలో 3 శాతానికే అవి అందుతున్నాయి. కొత్తవలసకు రైలులో పక్కనే ఉన్న విశాఖపట్నంలో 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్ 2018 నుంచి వైద్య పరికరాల తయారీకి నడుస్తోంది. మద్రాసు ఐఐటీ కేంద్రం నుంచి నియోమోషన్ లాంటి వీల్‌చైర్ కంపెనీ పుట్టింది. హైదరాబాద్‌లో మేకర్స్ హైవ్ తక్కువ ధర మోటారు చెయ్యి తయారుచేసింది. ఇలాంటి కంపెనీలు పెట్టే కుర్రాళ్లను సాహసవంతులంటాం. అదే రంగం కావాలన్న అమ్మాయిని మాత్రం 'జీతం ఎంత' అని ముందే ఆపేస్తున్నాం. రిస్కు ఒకటే అయినప్పుడు సలహా కూడా ఒకటే ఉండాలి.

పెళ్లి, పిల్లలు, ఆరేళ్ల పీహెచ్‌డీ అన్న అభ్యంతరం పాతదే గనక త్వరగా తేల్చేయొచ్చు. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసే స్త్రీకి 240 రోజుల ప్రసూతి సెలవుంది, గడువులో రెండేళ్ల సడలింపుంది. కెరీర్ మధ్యలో ఆగినవాళ్లు తిరిగి పరిశోధనలోకి రావడానికి కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ మహిళా శాస్త్రవేత్తల కోసం రెండు దశాబ్దాలుగా పథకాలు నడుపుతోంది. ఈ సదుపాయాలేవీ లేని రోజుల్లో తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత 18 ఏళ్లకే భర్తను పోగొట్టుకుని, నెలల పాపతో పుట్టింటికి చేరి, గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివి 1943లో పట్టా పొందింది. దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరు ఆమె. భాక్రా నంగల్ విద్యుత్ పనుల్లో ఆమె చేయి ఉంది. లేత్ యంత్రాలు, కార్బన్ పొరలు, పెద్ద వర్క్‌షాపు ఆడవాళ్ల పని కాదనేవాళ్లు బెంగళూరు చూడాలి. 1990లలో మొబిలిటీ ఇండియా వైకల్యం ఉన్న స్త్రీలకే కృత్రిమ అవయవాల తయారీ నేర్పింది. వాళ్లు సొంతంగా వర్క్‌షాపు పెట్టుకుని నడిపారు. పరికరం వాడుకునేవాళ్లే పరికరం చేస్తే లోపం ఎక్కడుందో ఇంకొకరు వచ్చి చెప్పక్కర్లేదు.

జాలి పొగడ్త వల్ల వచ్చే ఇంకో చెడు గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఒక రంగం మీద 'ఆడవాళ్ల సేవా రంగం' అన్న ముద్ర పడితే దాని జీతాలు, నిధులు, హోదా కూడా సేవ స్థాయికే పడిపోతాయి. రాత్రీ పగలూ ఎంతో నైపుణ్యంతో పనిచేసే నర్సులకు మన ప్రైవేటు ఆస్పత్రులు ఇచ్చే జీతాలు చూస్తే ఇది తెలుస్తుంది. పునరావాస ఇంజినీరింగ్‌కు అదే గతి పడితే రోగులకే దెబ్బ, ఎందుకంటే పరీక్షా యంత్రాలు, నడక విశ్లేషణ ల్యాబులు, మంచి లోహం పొగడ్తలకు రావు. వికలాంగులకు కూడా ఈ జాలి అక్కర్లేదు. కృత్రిమ పాదంతో నాట్యం చేసిన సుధా చంద్రన్ జీవితం మీద సింగీతం శ్రీనివాసరావు తీసిన 'మయూరి' చూసి తెలుగు ప్రేక్షకులు ఆమె పట్టుదలకు కన్నీళ్లు పెట్టుకున్నారు, పెట్టుకోవాల్సిందే. కానీ అంత పట్టుదల ఉన్నా ఆ పాదం సరిగా వంగకపోతే, మెలికను, అదురును తట్టుకోకపోతే ఆ నాట్యం లేదు. మనిషిలోని సంకల్పాన్ని సినిమాలు తీసి కీర్తిస్తూ, ఆ సంకల్పానికి ఆధారమైన వస్తువును ఎవరు ఎలా తయారుచేశారో పట్టించుకోకపోవడం వల్లే ఆ తయారీ ఒక వృత్తి అన్న స్పృహ మనకు కలగలేదు. వృత్తి అని తెలియనిదాన్ని పిల్లలకు ఎవరు చూపిస్తారు?

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. విజయనగరం, విశాఖపట్నం ఇంజినీరింగ్ కాలేజీలు ఫైనలియర్ ప్రాజెక్టుల్లో కొన్నైనా సదరం క్యాంపులకు వచ్చే మనుషుల నిజమైన ఇబ్బందుల మీద చేయించాలి. ఆ బృందాల్లో అమ్మాయిలకు రోగి ఇంటర్వ్యూలు, రిపోర్టు రాయడం అప్పగించి కీళ్ల డిజైన్ అబ్బాయిలకు ఇవ్వడం మానాలి. మెడ్‌టెక్ జోన్‌లోని సంస్థలు ఆస్పత్రుల ఫిజియోథెరపిస్టులను డిజైన్ బృందంలో జీతంతో కూర్చోబెట్టుకోవాలి, వాళ్లు చెప్పినదానికి పేటెంటు పత్రాల్లో చోటివ్వాలి. కొత్తవలస నుంచి రోజూ రైలెక్కి చదువుకోవడానికి వెళ్లే అమ్మాయిల తల్లిదండ్రులకు ఒక మాట. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో మీ అమ్మాయి మెకానికల్ పెడతానంటే, బయోమెడికల్ పెడతానంటే, కంప్యూటర్ సైన్స్ వైపు తోసేముందు ఒక్కరోజు ఆమెను కృత్రిమ అవయవాల కేంద్రానికి తీసుకెళ్లండి. అక్కడ కాలు బిగించుకుంటున్న మనిషిని ఏం ఇబ్బందిగా ఉందో ఆమెనే అడగనివ్వండి. ఆ ఇబ్బందిని తాను సరిచేయగలనని ఆమెకు అనిపిస్తే అడ్డుపడకండి.